దూది సమ్మతి

రేవుపేట ప్రభుత్వ పశువైద్యశాలలో జబ్బుచేసిన జంతువులన్నిటికీ ఒక సోమవారం ఉదయం స్వాతంత్ర్యం వచ్చింది. వచ్చిన సంగతి జంతువులకు తెలియలేదు. వాటి యజమానులకు తెలిసింది, అదీ కొంచెం ఆలస్యంగా.

జాయింట్ డైరెక్టరు డాక్టర్ తటవర్తి కృపానిధిగారు ఏదో కొండమీది ఊళ్ళో వారంరోజుల శిక్షణకు వెళ్ళివచ్చారు. కొండమీదికి వెళ్ళినవాళ్ళు శాలువా తెచ్చుకుంటారు, లేదా జలుబు తెచ్చుకుంటారు. ఆయన ఒక మాట తెచ్చుకున్నారు. ‘రోగి స్వయంనిర్ణయాధికారం.’ అక్కడ ఆ ముక్క మనుషుల గురించే చెప్పారు. కానీ రైల్లో కిటికీ పక్కన కూర్చుని పొలాల్లో గేదెల్ని చూస్తూంటే, మనిషికి ఉన్నది గేదెకు ఎందుకుండకూడదన్న ప్రశ్న ఆయనకు తగిలింది. ఆయనకు జంతువులంటే నిజమైన ప్రేమ. లేనివాడైతే ఆ ప్రశ్న కిటికీలోంచే పోయేది. రైలు దిగేసరికి సర్క్యులరు సిద్ధంగా ఉంది.

“జీవితాంతము వాడవలసిన ఏ ఔషధమునైనను, రోగికి బోధపడు రీతిలో వివరించి, దాని స్వచ్ఛంద సమ్మతి పొందిన పిమ్మటనే ఆరంభించవలెను. సమ్మతి ముద్ర లేని మందుచీటీ చెల్లదు. ప్రాణాపాయ స్థితికి మాత్రము మినహాయింపు కలదు.”

ఆ వారమే తాతాజీ తన కుక్కను సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

కుడుపూడి తాతాజీది మైకుసెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ ఎన్నికలకీ ఇతరుల గొంతులు పెద్దవి చేసి పెడతాడు. తన గొంతు మాత్రం ఎన్నడూ పెంచుకోలేదు. యాభైకి దగ్గరపడ్డా పెళ్ళి చేసుకోలేదు. కారణం అడిగితే ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టేవాడు, అడిగినవాళ్ళే మరిచిపోయేవాళ్ళు. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే అతనికి మాటకంటే ముందు దాని వెనక ఉండే గొరగొర వినిపించేది. అందుకే మనుషులతో ఎక్కువసేపు కూర్చోలేడు. అతని కుక్క దూది దగ్గర ఆ గొరగొర లేదు. తెల్లటి పొమరేనియన్. గుండ్రంగా చుట్టుకుని ఖాళీ స్పీకరుపెట్టెలో పడుకుంటే మందుల షాపులో దూది ఉండ అనే అనుకోవాలి. దానికిప్పుడు వయసు మళ్ళింది. కొన్నాళ్ళుగా దగ్గుతోంది. నాలుగడుగులు వేసి ఆగి, ఏదో మరిచిపోయినట్టు నేలను చూస్తోంది.

“గొంతులో ఎంటిక ఏదో అడ్డం పడిందిరా,” అంది పక్కనే ఇడ్లీలు అమ్మే బుల్లెమ్మ. “అరటిపండు మింగించు, దిగిపోద్ది.”

దిగలేదు.

డాక్టర్ షాహీన్ దూది ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఎక్స్‌రే తీయించింది. తరువాత, ఈ మనిషికి మాటలకంటే ఇదే నయమని తోచిందేమో, గొట్టాలు తీసి తాతాజీ చెవుల్లో పెట్టింది. తాతాజీ కళ్ళు మూసుకున్నాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉండవలసినచోట బుస్సుమని ఒక చప్పుడు.

“ఎర్తు సరిగ్గా లేదండి,” అన్నాడు.

షాహీన్ నవ్వింది. “దాదాపు అంతేనండి. గుండెలో ఎడంపక్క ఒక కవాటం ఉంటుంది. చిన్న కుక్కలకి వయసొస్తే అది మందమైపోయి సరిగ్గా మూసుకోదు. ముందుకెళ్ళాల్సిన రక్తం కొంత వెనక్కొస్తుంది. దాంతో గుండె పెద్దదవుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. ఆ దగ్గు అందుకే.”

“బాగవుద్దాండి?”

“కవాటం బాగవదు. మందులతో గుండెకి పని తేలికచేస్తాం. ఒక మాత్ర గుండె బలంగా కొట్టుకునేలా చేస్తుంది. ఇంకోటి నీరు లాగేస్తుంది. బతికున్నన్నాళ్ళూ రెండూ వెయ్యాలి. అది పడుకున్నప్పుడు ఊపిరి జోరెక్కుతోందేమో చూసుకుంటూ ఉండాలి.”

“ఎన్నాళ్ళుంటదండి?”

“మందులతోనైతే చెప్పలేను. నెలలు ఉండచ్చు, ఏళ్ళూ ఉండచ్చు. మందుల్లేకపోతే మాత్రం చెప్పగలను.”

తాతాజీ చెప్పమని అడగలేదు. “రాసిచ్చెయ్యండి మరి,” అన్నాడు.

షాహీన్ సీలింగు ఫ్యాను వంక చూసింది. “ముందు దూదిని అడగాలండి,” అంది.

తాతాజీ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. గుండెమాత్ర ఊళ్ళో ఏ షాపులోనూ దొరకదు. ఆస్పత్రి స్టోరులోనే ఉంటుంది. స్టోరుకు ముద్ర కావాలి. ముద్ర కృపానిధిగారి సొరుగులో ఉంది.

*

మొదటి విచారణ కృపానిధిగారి గదిలో జరిగింది. దూదిని కుర్చీలో కూర్చోబెట్టారు. రోగిని బల్ల మీద పెట్టడం దాని హోదాకు తగదని ఆయన అన్నారు.

“రోగి మాతృభాష ఏది?”

“కుక్కండి,” అన్నాడు తాతాజీ.

“అది నాకూ గోచరిస్తున్నది. ఈ జాతి మూలము విదేశము. తెలుగులో వివరించిన పిమ్మట, రేపు రోగి తనకు బోధపడలేదనిన బాధ్యులెవరు?”

“ఇక్కడే, మార్కెట్టు ఈదిలో పుట్టిందండి. తెలుగులో తిడితేనే తోక ముడుస్తదండి.”

“తిట్టు బోధపడుట వేరు, షరతులు బోధపడుట వేరు.” అని కాసేపు ఆలోచించి, పెద్దమనసుతో తెలుగుకు అనుమతించారు.

షాహీన్ దూది ముందు వంగి, మందు ప్రయోజనాలూ, ఆకలి మందగించవచ్చుననీ, దాహమూ మూత్రమూ ఎక్కువ కావచ్చుననీ అన్నీ చదివింది. తన ఉద్యోగంలో ఇంతవరకు ఎవరికీ వివరించనంత వివరంగా వివరించింది. దూది ఆసాంతం విని ఆమె చెయ్యి నాకింది.

“ఒప్పుకుందండి!” అన్నాడు తాతాజీ.

“నాకుట ఆప్యాయత. ఆప్యాయత సమ్మతి కాజాలదు.”

దూది తోక ఊపింది.

“అది మర్యాద,” అన్నారు కృపానిధిగారు. “మా ఆఫీసులో అందరూ ఊపుతారు. ఎవరి మనసులో ఏమున్నదో నాకింతవరకు తెలియలేదు.”

తాతాజీ జేబులోంచి బుల్లెమ్మ ఇడ్లీముక్క తీశాడు. విచారణకని షాహీన్ స్టోరునుంచి తెచ్చిన మాత్రను అందులో కూరి అందిస్తే దూది గుటుక్కున మింగుతుంది, మింగితే ఒప్పుకున్నట్టేనని అతని లెక్క. కృపానిధిగారు ఆ ఇడ్లీని, లంచం నోట్లను చూసినట్టు చూశారు.

“ఏమది?”

“ఇడ్లీ అండి. ఇందులో పెడితే తినేస్తదండి.”

“అనగా రోగి ఇడ్లీకి సమ్మతించుచున్నది. మందుకు కాదు. ఇది ప్రలోభము. ప్రలోభముతో కూడిన వంచన. మాత్రను మాత్రగానే సమర్పించండి.”

మాత్రను మాత్రగానే సమర్పించారు. దూది వాసన చూసి, నోట్లోకి తీసుకుని, ఒక్కక్షణం అందరికీ ఆశ కల్పించి, కృపానిధిగారి బూటు పక్కన ఉమ్మేసింది.

“రోగి నిరాకరించినది,” అని ఆయన మెల్లగా, దాదాపు గౌరవంతో అన్నారు. “ఎంత స్పష్టత! డాక్టరుగారూ, మనమిన్నాళ్ళూ ఎన్ని నోళ్ళను బలవంతంగా తెరిచామో ఆలోచించండి.” ఆయన కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు. అదే తాతాజీని భయపెట్టింది. నటించేవాడి గొంతులో గొరగొర ఉంటుంది, దాన్ని పట్టుకోవచ్చు. ఈయన గొంతు శుభ్రంగా ఉంది.

*

నిరాకరించిన రోగికి కౌన్సెలింగు ఇవ్వాలని నిబంధన. అందుకు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు ఏకాంబరంగారిని నియమించారు. ఆయన మైకుషాపుకే వచ్చి స్పీకరుపెట్టె ఎదురుగా పీట వేసుకున్నాడు.

“దూదీ, నీకు చావంటే భయమా?”

దూది ఆయన చెప్పు మీద తల ఆనించి నిద్రపోయింది.

“సత్యాన్ని ఎదుర్కోలేక పారిపోతోంది,” అన్నాడు ఏకాంబరం. “తల్లి నుంచి ఎప్పుడు వేరుచేశారు?”

“కళ్ళు తెరిచాకండి.”

“ఆఁ, చూశారా. చూడటం మొదలవగానే నష్టం.” అలా చాలాసేపు దూది అంతరంగంలో తిరిగి, ఏమీ దొరక్క, ఉన్నట్టుండి తాతాజీ వైపు తిరిగాడు. “ఒక్క ప్రశ్న. ఈ మాత్ర కావలసింది దానికా, మీకా?”

ఆయన వెళ్ళిపోయాడు. ప్రశ్న పీట మీద కూర్చుండిపోయింది.

తాతాజీ వైర్లు చుడుతూ దాన్ని చూశాడు. ఇంట్లో దూది గోళ్ళ టిక్కుటిక్కు లేని నిశ్శబ్దం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అది రాకముందు అందులోనే బతికాడు. తను కాపాడాలనుకుంటున్నది దాని ఊపిరినా, తన చెవులకు పడే ఆ చప్పుడునా? నిజాయితీగా విడదీద్దామని చూశాడు. రెండు మైకులు ఒకే స్పీకరుకు కలిపాక ఏ గొంతు ఎక్కడిదని విడదీస్తాం? విడదీయలేకపోవడం తప్పేమోనని సిగ్గుపడ్డాడు. పెట్టెలో దూది నిద్రలోనే దగ్గింది. పక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. సిగ్గుపడే తీరిక లేదనిపించింది.

“ఏరా, ఏవంటాడా పెద్దమనిషి?” అంది బుల్లెమ్మ గోడ అవతలనుంచి.

“దూది ఒప్పుకోవాలంటన్నారు పిన్నీ.”

“ఒప్పుకోవాలా! నా పెళ్ళికి నన్నెవడడిగాడ్రా? ఆ పిల్లలు పుట్టకుండా ఆపరేషనని చెప్పి బండెక్కిచ్చినప్పుడు ఎవడడిగాడు? బకెట్టిచ్చి పంపేశారు. కుక్కకొచ్చిన యోగం చూడు!” కొంచెం ఆగి, “ఆ బకెట్టూ కారేది,” అంది.

*

ఈలోగా స్వాతంత్ర్యం జిల్లా అంతా పాకింది. సర్క్యులరును టీకాలకూ గర్భధారణ సూదులకూ వర్తింపజేశారు. గేదె ఎదురుగా నిలబడి అడగాలి. తల నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు. ఈగల కాలం కావడంతో జిల్లాలోని గేదెలన్నీ ఏకగ్రీవంగా నిరాకరించాయి. మేకలు సమ్మతిపత్రాలను నమిలేశాయి. నమలడం అంగీకారమా, ధిక్కారమా తేల్చవలసిందిగా రాజధానికి రాశారు. కోళ్ళు మూకుమ్మడిగా పరుగెత్తితే అది సభను బహిష్కరించడంగా నమోదైంది. పాడి తగ్గింది, జబ్బులు పెరిగాయి, వైద్యశాలకు ‘సంవేదనా పురస్కారం’ వచ్చింది.

దూదికి మాత్రం మినహాయింపు అక్కరకొచ్చింది. ఊపిరందక నాలుక నీలంగా మారినప్పుడు తాతాజీ దాన్ని గుండెకు హత్తుకుని పరుగెత్తేవాడు. షాహీన్ వెంటనే ఆక్సిజను పెట్టి, నీరు లాగే ఇంజక్షను చేసేది. సాయంత్రానికి దూది లేచి కూర్చునేది. లేచి కూర్చుంది గనక ప్రాణాపాయం తొలగిందనీ, తొలగింది గనక మళ్ళీ సమ్మతి అవసరమనీ కృపానిధిగారు వివరించేవారు.

“అంటే చచ్చిపోతంటే మందిస్తారు. బతుకుతానంటే ఇవ్వరు. అంతేనాండి?” అన్నాడు తాతాజీ ఒకసారి. అతను జీవితంలో ఎదురు ప్రశ్న వేయడం అదే మొదలు.

“మరణము అందరికీ సమానము, నాయనా. జీవితమే వ్యక్తిగత నిర్ణయము.”

బయటికి వచ్చాక షాహీన్ గొంతు తగ్గించి చెప్పింది. “ఇలా మళ్ళీమళ్ళీ లాక్కురాలేమండి. వచ్చేసారి దారిలోనే అయిపోవచ్చు. నేను పైకి రాశాను. తుది విచారణకి ఒప్పుకున్నారు. ఇక అదొక్కటే.”

*

తుది విచారణ సంఘంలో ముగ్గురు: అధ్యక్షులు కృపానిధిగారు, సభ్యుడు ఏకాంబరంగారు, వైద్యురాలు షాహీన్. యజమాని ప్రభావం పడకుండా తాతాజీని వరండాలో కూర్చోబెట్టి తలుపు వేశారు. కృపానిధిగారి గదిలో స్టీలు పళ్ళెంలో ఒంటరి మాత్ర. దూది దాన్ని తనంతట తాను స్వీకరిస్తే ముద్ర పడుతుంది. లేకపోతే కేసు శాశ్వతంగా మూసేస్తారు.

తాతాజీ తలుపుకు చెవి ఆనించాడు. గోళ్ళ చప్పుడు పళ్ళెం వైపు కాదు, తలుపు వైపే వస్తోంది. అవతలినుంచి తలుపును గోకుతోంది. తరువాత దగ్గు. ఆపకుండా దగ్గు.

వరండాలో పక్కనే ఒకావిడ సాయంత్రపు ఫలహారం క్యారియరు దించింది. సన్నగా, ఇస్త్రీ నేతచీర కట్టుకుని ఉంది. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి చక్కెరకేళి తీసి, సగం ఒలిచి, రవికె అంచున దోపుకున్న కాగితం పొట్లంలోంచి చిన్న మాత్ర తీసింది. బొటనవేలితో పండులోకి నొక్కి, పైన నున్నగా సర్దింది. కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలిగేటంత అలవాటున్న బొటనవేలు.

తాతాజీ తనకు తెలియకుండానే అటే చూస్తున్నాడు. ఆవిడ సంకోచపడింది.

“మావారికండి. జాయింట్ డైరెక్టరుగారు. ఆయనకి రక్తపోటు. ఏళ్ళకిందట డాక్టరు రాసిస్తే చీటీ చింపి నా మొహాన కొట్టారు, నా శరీరం నా ఇష్టం అని. నేను ముక్కలు ఏరి అతికించుకున్నాను.” నవ్వింది. “ఇప్పుడు అందరికీ చెబుతూంటారు, సంకల్పబలంతో తగ్గించుకున్నానని. చెప్పుకోనివ్వండి. మీరెందుకొచ్చారు?”

తాతాజీ చెప్పాడు. అతని జీవితంలో అంత పొడుగు మాట ఎవరితోనూ మాట్లాడలేదు. ఇడ్లీ, ప్రలోభం, బూటు పక్కన మాత్ర, నీలం నాలుక అన్నీ చెప్పాడు. తలుపు అవతల దగ్గు ఆగి, సన్నటి ఈల మొదలైంది.

ఆవిడ పేరు వకుళమ్మ. చేతిలో పండు వంక చూసుకుంది. లేచింది. తలుపు తోసుకుని లోపలికి నడిచింది. వెనకే తాతాజీ.

“వకుళా! విచారణ జరుగుచున్నది!”

“జరగనివ్వండి.” పళ్ళెంలో మాత్ర తీసింది. చక్కెరకేళి కొసను ఖాళీగా ఉన్న వైపు తుంచి, ఆ ముక్కలోకి మాత్రను నొక్కి, తాతాజీ చేతిలో పెట్టింది. తాతాజీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దూది రొప్పుతూనే అతని చెయ్యి వాసన చూసి, ముక్క తినేసింది.

“ప్రలోభము!” కృపానిధిగారు లేచి నిలబడ్డారు. “వంచన! ఒక నిస్సహాయ ప్రాణి విశ్వాసమును ఆసరాగా చేసుకొని, దాని ఇచ్ఛకు విరుద్ధముగా...”

“మీ వేళ దాటిపోయింది,” అని ఆవిడ మిగిలిన పండు ఆయన చేతికిచ్చింది.

“...విరుద్ధముగా, దొంగచాటుగా ఔషధమును దేహములోనికి ప్రవేశపెట్టుట,” అని ఆయన ఒక ముక్క కొరికి, నమిలి, “నాగరికతకే కళంకము,” అని మింగారు.

మాత్రను అంత అలవాటుగా పండులోకి నొక్కిన ఆ బొటనవేలిని ఏకాంబరం గమనిస్తూనే ఉన్నాడు. వృత్తి అలాంటిది.

“అమ్మా, ఆ రెండో ముక్కలో ఏముంది?” అన్నాడు.

వకుళమ్మకు అబద్ధం ఆడటం రాదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగకపోవడం వల్ల నెట్టుకొచ్చింది.

“బీపీ మాత్రండి.”

కృపానిధిగారు చేతిలో తొక్కను చూశారు, భార్యను చూశారు, నేలమీద కూర్చున్న కుక్కను చూశారు. ఆ చూపుల్లో ఏదో ఒకచోట నిలబడదామని ప్రయత్నించి, కూర్చుండిపోయారు.

ఏకాంబరం గొంతు సవరించుకుని తీర్మానం పలికాడు. “రోగి ఔషధమును స్వీకరించినది. అదే సమావేశమునందు మరియొక రోగి కూడ స్వీకరించినది. ఒకరి స్వీకారము చెల్లనిచో రెండవవారిదీ చెల్లదు. అట్టి పక్షమున గౌరవ అధ్యక్షులవారి ప్రస్తుత ఆరోగ్యము అక్రమార్జితమగును. అందుచేత రెండునూ చెల్లును.”

అధ్యక్షులవారు అభ్యంతరం చెప్పలేదు. షాహీన్ సొరుగు లాగి, ముద్ర తీసి, చీటీ మీద గట్టిగా కొట్టింది.

*

దూది కుదుటపడింది. దగ్గు పూర్తిగా పోలేదు, పోదని షాహీన్ ముందే చెప్పింది. కానీ ఇప్పుడు బుల్లెమ్మ పొయ్యిదాకా నడిచి వెళ్ళి, ఆవిడ తిట్లు తిని, తిరిగి వస్తోంది.

ఒకనాటి సాయంత్రం కృపానిధిగారు ఒక్కరే మైకుషాపుకు వచ్చారు. ఏదో సభకు మైకు కావాలన్నారు. ఏ సభో చెప్పలేదు. పీట మీద కూర్చుని, స్పీకరుపెట్టెలో నిద్రపోతున్న దూదిని చూస్తూ ఉండిపోయారు. సర్క్యులరు భాష ఎక్కడో వదిలేసి వచ్చినట్టున్నారు.

“తాతాజీ, ఒక మాట నిజం చెప్పు. లోపల మాత్ర ఉందని దానికి తెలుసంటావా?”

తాతాజీ ఆలోచించాడు. ఈసారి నిజంగానే.

“తెలుసండి. ముక్కున్న జీవి కదండీ. ఇంత దూరంనుంచి వాసన పట్టేస్తది.”

“తెలిసీ ఎందుకు తింటుంది?”

“పెట్టేది నేను కదండీ.”

కృపానిధిగారు వంగి స్పీకరుపెట్టె అంచు మీద చెయ్యి ఆనించారు. తాతాజీ అలవాటుకొద్దీ ఆయన నిశ్శబ్దం వెనక గొరగొర కోసం విన్నాడు. ఉంది. సన్నగా, మనిషిదే.

“కొంచెం చేదుగా ఉండేదయ్యా,” అన్నారు చివరికి. “అన్నేళ్ళూ. మొదటిరోజునుంచీ. గెల పచ్చిగా కోసేశారు కాబోలు అనుకునేవాణ్ణి.” లేచి చెప్పులు తొడుక్కున్నారు. “రోజూ అలాగే అనుకునేవాణ్ణి.”

మైకు సంగతి తాతాజీ గుర్తుచేయబోయాడు. ఆయన అప్పటికే వీధిలోకి దిగి, వాచీ చూసుకుని, ఇంటివైపు గబగబా నడుస్తున్నారు.